చింటూ ముక్కుకు ఆపరేషన్: నా అనుభవం

మా చింటూ మగ పగ్, అంటే మూతి బాగా పొట్టిగా ఉండే చిన్న జాతి కుక్క. 2003లో వచ్చిన హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్‌ను చూస్తూ పెరిగినవాళ్లం కనుక పగ్ అంటే మా ఇంట్లో అందరికీ ముచ్చటే. కొనేటప్పుడు టీకాల కార్డు అడిగాను, తల్లి కుక్క ఫొటో కూడా అడిగాను. ఆ తల్లి పక్కన కాసేపు కూర్చుని అది ఊపిరి ఎలా తీసుకుంటోందో వినాలని మాత్రం నాకు తోచలేదు.

ఏడాది నిండేసరికి దాని గురక పక్క గదిలోకి వినిపించేది. గడ్డాన్ని సోఫా అంచు మీదకు ఎత్తి పెట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. అది ముద్దు చేష్ట అనుకుని వీడియోలు తీశాం. ఊపిరి ఆడక అలా మెడ చాపుకుంటోందని తెలిశాక ఆ వీడియోలు చూడలేకపోయాను.

మే నెలలో ఒక సాయంత్రం పది నిమిషాల నడకకే కూలబడింది, నాలుక నీలంగా మారింది. ఒళ్లంతా నీళ్లతో తడిపి, కారులో ఏసీ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మొదట వెళ్లినచోట ప్రాణం నిలబెట్టారు గానీ, "పగ్‌లన్నీ ఇంతేనండీ" అని పంపేశారు. ఆ మాటతో నాకు తృప్తి కలగలేదు.

రెండో డాక్టరమ్మ చేసిన మొదటి పని, సన్నటి దూది పోగును చింటూ ముక్కు ముందు పట్టడం. కుడి ముక్కుపుట దగ్గర పోగు కాస్త వణికింది, ఎడమ పుట దగ్గర అసలు కదలలేదు. తర్వాత గొంతు దగ్గర స్టెతస్కోపు పెట్టి విని, మూడు నిమిషాలు వేగంగా నడిపించి, మళ్లీ విన్నారు. పొట్టి మూతి కోసం తరతరాలుగా ఏరి జత కట్టించడంతో పుర్రె ఎముక కురచైందనీ, లోపలి మెత్తని కండ మాత్రం ఆ మేరకు తగ్గలేదనీ, అందుకే పుటాలు మూసుకుపోయి, అంగిలి వెనుక భాగం శ్వాసనాళం మీదకు వేలాడుతోందనీ ఆమె ఓపికగా చెప్పారు. కుక్క ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది కనుక ఎండాకాలంలో ఇది ప్రాణాంతకం. ఆలస్యం చేస్తే, బలంగా గాలి పీల్చీ పీల్చీ స్వరపేటిక కూడా దెబ్బతింటుందట.

ముందు బరువు తగ్గించమన్నారు. పదకొండు కిలోల నుంచి తొమ్మిదికి తేవడానికి మూడు నెలలు పట్టింది. అన్నం, బిస్కెట్లు మాన్పించడం చింటూ కంటే మా అమ్మకే కష్టమైంది. రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అయ్యాక పుటాల అంచుల నుంచి చిన్న ముక్కలు కోసి కుట్టారు, అంగిలిని కత్తిరించారు. ఈ లోపం వంశపారంపర్యం కనుక నా కోరిక మీద అదే మత్తులో సంతాన నిరోధక ఆపరేషన్ కూడా చేశారు. పొట్టి మూతి కుక్కలకు మత్తు నుంచి తేరుకునే సమయమే ఎక్కువ ప్రమాదం. పూర్తిగా మెలకువ వచ్చి, తనంతట తాను తల ఎత్తేదాకా గొంతులోని గొట్టం తీయకుండా ఒక నర్సు పక్కనే కూర్చుంది.

రెండు వారాలు మెడకు కోన్ (కుట్లను గోక్కోకుండా తొడిగే గరాటు లాంటిది), మెత్తని ఆహారం, నడక బంద్. మెడపట్టీ తీసేసి ఛాతీకి తొడిగే హార్నెస్ కొన్నాం. గులాబీ రంగులో ఉన్న పుటాల అంచులు కొన్ని నెలలకు మళ్లీ నల్లబడ్డాయి. ఇప్పుడు చింటూ తల నేలకు ఆనించి పడుకుంటోంది.

మొన్న పై అంతస్తువారు తమ ఆడ పగ్‌కు జత కోసం చింటూను అడిగారు. కుదరదని చెప్పి, ఒక దూది పోగు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. దాని రెండు పుటాల దగ్గరా పోగు కదలలేదు. డాక్టరమ్మ నంబరు రాసిచ్చి వచ్చాను.