ఆ అబ్బాయి బాగా వింటాడమ్మా

పడుకుందామని లైటు తీసేశాక కూడా మళ్ళీ లేచి కూర్చున్నాను. చిన్న మాటే, కానీ మధ్యాహ్నం నుంచి మనసులో నలుగుతూనే ఉంది.

మా క్లయింటు ఒకాయన ఉన్నారు, నల్లకుంట అంకుల్. ఆంటీ పోయాక, ఆవిడ ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీలోంచి బ్యాంకు ముందే కోసేసిన పన్ను, అదే టీడీఎస్, వెనక్కి రప్పించుకోవడానికి తిరిగినాయన. ఇవాళ మా ట్యాక్స్ రిటర్నుల ఆఫీసుకి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్నారు, "పని అంతా బాగా చేశావమ్మా. ఆ అబ్బాయి ఉన్నాడే, అతను బాగా వింటాడు. ఇకమీదట ఏదైనా ఉంటే అతనికే చెప్తాలే, నిన్ను ఇబ్బంది పెట్టను."

నన్ను ఇబ్బంది పెట్టరట!

అసలు ఆ రీఫండ్ రప్పించింది ఎవరు? డిపాజిట్లలో మొదటి పేరు ఆంటీది. 2024 ఏప్రిల్‌లో ఆవిడ ఆస్పత్రిలో ఉండటంతో నాకు పన్ను పడదు, కోయకండి అని ఇచ్చే 15హెచ్ ఫారం ఇవ్వడం కుదరలేదు. బ్యాంకు వాళ్ళు వడ్డీలో పది శాతం కోసి ఆవిడ పాన్ మీద కట్టేశారు. సీనియర్ సిటిజన్లకి అప్పట్లో ఏడాది వడ్డీ 50,000 దాటితే కోత పడేది. ఆ హద్దు లక్షకి పెరిగింది 2025 ఏప్రిల్ నుంచి, అప్పటికి ఆవిడే లేరు. మనిషి పోయాక ఆ మనిషి పేరున రిటర్ను వేయాలంటే వారసుడిగా ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. డెత్ సర్టిఫికెట్, ఇద్దరి పాన్ కార్డులు, వారసుడని చూపించే కాగితం ఒకటి. ఆ చివరిదాని కోసం తహసీల్దారు ఆఫీసు మెట్లు ఎక్కే ఓపిక అంకుల్‌కి లేదు. ఖాతాలో రెండో పేరు ఈయనదేనని బ్యాంకు తన లెటర్‌హెడ్ మీద రాసి సీలు వేసిచ్చినా పోర్టల్ ఒప్పుకుంటుందని వెతికి పట్టుకున్నది నేను. "అలాంటి లెటర్లు మేమివ్వం మేడమ్" అన్న మేనేజరు ఎదురుగా కూర్చుని, ఫోన్‌లో ఆ లైను చూపించి రాయించుకొచ్చింది కూడా నేనే. పేరు మాత్రం నా దగ్గర పనిచేసే కుర్రాడికి.

ఇంతకీ కుర్రాడు చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, రిటర్ను చూశాక ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు అంకుల్‌కి పంపిన ఇంటిమేషన్ పీడీఎఫ్ తెరుచుకోవట్లేదు, అది తెరవాలి. దానికి పాస్‌వర్డ్ పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని వెనకే పుట్టిన తేదీ. వీడు "ఆంటీ పుట్టిన తేదీ చెప్పండి అంకుల్" అన్నాడు. ఆయన జూలై ఒకటి అని చెప్పి, "కానీ అది అసలుది కాదు నాయనా" అన్నారు.

ఇంక చూస్కోండి. బళ్ళో చేర్పించేటప్పుడు హెడ్‌మాస్టరు తనకి తోచిన తేదీ వేసేసిన వైనం. నిజానికి పుట్టింది అట్లతద్ది నాడని వాళ్ళమ్మగారు చెప్పిన వైనం. ఇంట్లో ఎప్పుడూ అట్లతద్దికే పాయసం చేసుకునేవాళ్ళని, జూలై ఒకటిన బ్యాంకు వాళ్ళ శుభాకాంక్షల మెసేజ్ వస్తే ఆవిడ అందరికీ చూపించి నవ్వేవారని. అరగంట పట్టింది. అద్దం తలుపు ఇవతల నుంచి చూస్తూనే ఉన్నాను. కుర్రాడు కీబోర్డు మీంచి చేతులు తీసేసి, కుర్చీ ఆయన వైపు తిప్పుకుని కూర్చున్నాడు. స్క్రీన్ మీద పాస్‌వర్డ్ పెట్టె ఖాళీగా, కర్సరు కొట్టుకుంటూ అలాగే ఉంది. ఆ అరగంటలో రెండు రిటర్నులు వెళ్ళిపోయేవి.

నాకు మండింది. ఎందుకంటే వీడు ఏదో కమ్యూనికేషన్ క్లాసుకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. క్లయింటు ఏమన్నా దాన్నే తిరిగి అప్పజెప్తాడు. "నోటీసు వచ్చిందండీ" అంటే "అంటే, నోటీసు వచ్చిందని మీరు టెన్షన్ పడుతున్నారు". "మీ ఫీజు ఎక్కువండీ" అంటే "అంటే, మా ఫీజు ఎక్కువని మీకు అనిపిస్తోంది". బుర్రకథలో వంత పాడినట్టే! అయినా ఆ వంతల్లో ఒకతను మధ్యమధ్య హాస్యమైనా చెప్తాడు, వీడికి అదీ లేదు.

అసలే ఇవాళ ఆ రకం మాటలంటే నాకు ఒళ్ళు మంట. అత్తయ్యగారి కంటి ఆపరేషన్ క్లెయిమ్ ఇంకా తేలలేదు కదా, మధ్యాహ్నం మళ్ళీ ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోన్ చేశాను. సంగీతం, సంగీతం, ఆ తర్వాత ఒకమ్మాయి. "మీ ఇబ్బందిని మేము పూర్తిగా అర్థం చేసుకోగలము మేడమ్." ఏ ఇబ్బంది? నేనింకా పాలసీ నంబరే చెప్పలేదు! సరే, మొత్తం కథ మొదటి నుంచి చెప్పాను. డిశ్చార్జి సమ్మరీ ఈమెయిల్ చేశామని, అందినట్టు జవాబు కూడా వచ్చిందని చెప్పాను. "డిశ్చార్జి సమ్మరీ పంపారని అర్థమైంది మేడమ్. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి డిశ్చార్జి సమ్మరీ పంపండి." ఫోన్ పక్కన పెట్టి కాసేపు గోడకేసి చూశాను. ఆ పిల్లని అనడానికీ లేదు. అలాంటి చోట పనిచేసి మానేసిన మా పిన్ని కూతురు చెప్పింది, ఆ సానుభూతి వాక్యాలు పలక్కపోతే ఆ కాల్‌కి మార్కులు తగ్గించేస్తారట. వినకపోతే మాత్రం ఏమీ తగ్గదు కాబోలు.

సాయంత్రం కుర్రాడు వెళ్ళిపోయాక వాడి క్లాసు కాగితం టేబుల్ మీద కనిపించింది. "యాక్టివ్ లిజనింగ్" అని పైన పెద్ద అక్షరాలు. ఈ మాటని 1957లో అమెరికాలో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే ఇద్దరు చలామణిలోకి తెచ్చారట. ఇంటికొచ్చి, అన్నాలయ్యాక, ఆ రోజర్స్ ఎవరా అని ఇంకాస్త తవ్వాను. భలే సంగతి దొరికింది. ఎదుటివాళ్ళ మాటల్ని తిరిగి చెప్పడమే తన పద్ధతి అని జనం అనుకోవడం చూసి ఆ పెద్దమనిషికే విసుగొచ్చిందట. తను చేసేది అప్పజెప్పడం కాదని, "నాకు అర్థమైంది సరిగ్గానే ఉందా" అని ఎదుటివాళ్ళనే అడిగి సరిచూసుకోవడమని, పోయే ముందు ఏడాది, 1986లో, రాసుకున్నాడు. చూశారా, నేననేదీ అదే కదా అని లాప్‌టాప్ ముందు ఒక్కదాన్నే తల ఊపాను.

అప్పుడు మా సార్ గుర్తొచ్చారు.

2016 నవంబరు. ఎనిమిదో తారీకు రాత్రి నోట్లు రద్దన్నారు, తెల్లారేసరికి ఆబిడ్స్‌లోని మా సార్ ఆఫీసు మెట్ల మీద జనం. నేనప్పుడు ఆయన దగ్గరే పనిచేస్తున్నాను. బేగంబజారు వ్యాపారులు, బంగారం కొనేసి వణికిపోతున్నవాళ్ళు, ఊళ్ళో పొలం అమ్మిన డబ్బు సంచిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు. ఆ గోలలో ఒకరోజు గౌలిగూడ నుంచి ఒకావిడ వచ్చింది. ఇంట్లో చీరలకి ఫాల్స్ కుడుతుందట. కొంగు చాటున రబ్బరు బ్యాండు వేసిన ఐదొందల నోట్లు. డెబ్భై వేలో ఎనభై వేలో ఉంటాయి.

"బ్యాంకుల ఏస్తే ఎర్కైతదా?" అని అడిగింది నన్ను.

"ఏం కాదమ్మా. ఆడవాళ్ళు ఇంట్లో దాచుకున్నవి రెండున్నర లక్షల దాకా వేసుకున్నా అడగమని గవర్నమెంటే చెప్పింది" అన్నాను.

"అది సరే బిడ్డా. ఎర్కైతదా అని."

మళ్ళీ చెప్పాను. పాన్ కార్డు సంగతి చెప్పాను. డిసెంబరు 30 దాకా గడువుందని చెప్పాను. నా పక్క సీటతను కూడా చెప్పాడు, నాకంటే గట్టిగా. ఆవిడ అందరి మాటా విని, తలూపి, మళ్ళీ అదే అడుగుతుంది. పక్క సీటతను నాకేసి చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

సార్ ఆవిడని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. నన్నూ ఉండమన్నారు. డబ్బు ఊసెత్తలేదు. చీరకి ఫాల్ కుడితే ఎంతిస్తారు, దారం మీదా వాళ్ళదా, పండక్కి ఎన్ని వస్తాయి అని అడిగారు. ఆవిడ చెప్తూనే ఉంది, దసరాకి నిద్రుండదని, పీకో మిషను కొనాలని ఉందని, కళ్ళు లాగుతున్నాయని. ఆ తర్వాత ఆయన, ఏదో ఫారం నింపుతున్నవాడిలా, "పాస్‌బుక్ ఎవరి దగ్గరుంటదమ్మా?" అన్నారు.

"ఆయన తాననే ఉంటది సార్."

"డబ్బులేస్తే మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తది?"

ఆవిడ తల దించుకుంది. "ఆయనకే."

అదీ సంగతి. ఆవిడకి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళంటే ఏ భయమూ లేదు. పోస్టాఫీసులో ఆవిడ ఒక్కదాని పేరు మీదే ఖాతా తెరవమని, ఫోన్ నంబరు చెల్లెలి కూతురిది ఇమ్మని సార్ చెప్పి పంపించారు. ఫీజు అడగలేదు. ఆవిడ మళ్ళీ రాలేదు కూడా.

సార్ దేవుడేమీ కాదు లెండి. మా అమ్మకి జ్వరమని సెలవడిగితే మొహం కూడా ఎత్తేవారు కాదు. పైగా ఆ రోజు ఆవిడ లోపలున్నంతసేపూ బయట వరండాలో గంటపాటు నిలబడ్డ స్టీలు సామాన్ల వ్యాపారి ఆ ఏడాదే ఫైలు పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళిపోయాడు. అతని మాట సార్ వినలేదనే కదా. ఒకరిది వింటూ కూర్చుంటే ఇంకొకరిది వినలేకపోతాం, ఈ సంగతి ఆ క్లాసుల్లో చెప్పరేమో.

నిజానికి ఈ కథ కుర్రాడిని దెబ్బకొట్టడానికే మొదలుపెట్టాను. వినడమంటే అదీ, ఊ కొట్టడం కాదు (ఊ కొట్టడంలో మావారిని మించినవాళ్ళు ఈ ఇంట్లోనే కాదు, ఈ కాలనీలోనే లేరు), అడగని ప్రశ్న పట్టుకోవడం, అని రాద్దామనుకున్నాను. కానీ పైన రాసింది ఒకసారి చదువుకుంటే ఇంకొకటి కనిపిస్తోంది. పాస్‌బుక్ ప్రశ్న కంటే ముందు సార్ ఎంతసేపు దారాల గురించి, పీకో మిషను గురించి విన్నారు! ఆ మాటలేవీ పనికొచ్చేవి కావు. అవి లేకుండా సరాసరి "మీ ఆయనకి తెలియకూడదా?" అని ఉంటే ఆవిడ లేచి వెళ్ళిపోయేది.

మా మరిది మొన్న వచ్చినప్పుడు డాక్టర్ల సంగతి ఒకటి చెప్పాడు. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్లూ రోగుల సంభాషణలు టేపు చేసి చూస్తే, రోగి బాధ చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున డాక్టరు అడ్డుపడ్డాడట. 2002లో స్విట్జర్లాండ్‌లో అడ్డుపడకుండా వదిలేసి చూస్తే, 335 మంది మీద సగటున 92 సెకన్లలో వాళ్ళే చెప్పడం ఆపేశారట. "ఒకటిన్నర నిమిషం వదినా, అంతే" అన్నాడు. ఆ స్విస్ వాళ్ళు నల్లకుంట రిటైర్డ్ ఉద్యోగుల్ని చూడలేదు నాయనా అన్నాను. మన దగ్గర మొదటి ఒకటిన్నర నిమిషం కాళ్ళనొప్పులకీ, మెట్రోలో రద్దీకీ, "ఇంకెవరమ్మా, మన శంకర్‌మఠ్ వెనక సందులో ఉండేవాళ్ళు" అనే బంధుత్వాలకీ సరిపోతుంది. అసలు విషయం ఎప్పుడూ లేచి నిలబడ్డాక వస్తుంది. "అన్నట్టు అమ్మా, మా రెండోవాడు అమెరికా నుంచి డబ్బు పంపాడు, అదేమైనా చూపించాలా?" అని అడిగేది లిఫ్టు బటన్ నొక్కాకే.

అంకుల్ విషయంలోనైతే ఆ అసలు విషయం కూడా లేదు. ఇదే ఇప్పుడు నన్ను తొలుస్తోంది. రీఫండ్ ఖాతాలో పడి వారం దాటింది. మెసేజ్ వచ్చింది, ఆయనే ఫోన్ చేసి చెప్పారు. ఆ పీడీఎఫ్ తెరిచి చూసేదేమీ లేదు, అందులో మా లెక్కా వాళ్ళ లెక్కా పక్కపక్కన వేసి సరిపోయిందని ఉంటుంది, అంతే. పాస్‌వర్డ్ ఎలా కొట్టాలో ఫోన్‌లోనే చెప్పి ఉండేదాన్ని. నల్లకుంట నుంచి నారాయణగూడ దాకా, ఆటోవాడితో బేరమాడుకుని, కండువా సర్దుకుని ఆయన ఎందుకొచ్చారు మరి? అట్లతద్ది సంగతి చెప్పడానికి వచ్చారని నేననను, ఆయనకీ తెలిసి ఉండదు. కుర్రాడు తేదీ అడిగాడు కాబట్టి అది బయటికొచ్చింది. నేనైతే అడిగేదాన్నే కాదు. ఆంటీ పుట్టిన తేదీ నాకు కంఠతా వచ్చు, ఫైలు మీద ఉంది.

అయినా కోపం పూర్తిగా పోలేదు. ఎందుకు పోవాలి? బ్యాంకు మేనేజరు ముందు గంటసేపు కూర్చున్నది వినడం కిందకి రాదా? ఆయన "తహసీల్దారు ఆఫీసుకి నేను వెళ్ళలేనమ్మా" అంటే నేను "అంటే, మీరు వెళ్ళలేకపోతున్నారు" అనలేదు, వెళ్ళక్కర్లేని దారి వెతికాను. అది కంటికి కనిపించదు. కుర్చీ తిప్పుకుని కూర్చుంటే కనిపిస్తుంది. ఆ "అంటే"ని మాత్రం మాన్పించాలి వాడితో. ఇవాళ ఆ అరగంటలో ఒక్కసారి కూడా వాడలేదని ఇప్పుడు తడుతోంది గానీ, సోమవారానికి మళ్ళీ మొదలుపెడతాడు.

చిన్నదానికి స్కూల్లో డ్రాయింగ్‌కి ప్రైజ్ వచ్చింది, సంతోషం. దాని గురించి ఇంకోసారి.

సోమవారం నుంచి కుర్రాడి టేబుల్ వరండా వైపు మారుస్తున్నాను. వచ్చినవాళ్ళు ముందు వాడి దగ్గర కూర్చుంటారు, తర్వాత ఫైలు నా దగ్గరికి వస్తుంది. వాడికి జీతం పెంచాలా అన్నది మార్చిలో చూద్దాం. ఇది చదివే మా క్లయింట్లకి ఒక్క మాట. ఆలస్యపు రిటర్నులకి డిసెంబరు 31 ఆఖరు. ఆ చివరి వారంలో ఎవరొచ్చి ఎన్ని పుట్టినరోజులు చెప్పినా నేనూ వినను, వాడినీ విననివ్వను. ముందే చెప్తున్నాను.