45 ఏళ్ల పెట్టెలు, పరాయి పట్టాలు

తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరైన మనిషికి ఏ దేశం పోయినా కన్ను రైలు పెట్టె మీదే పడుతుంది. మా అమ్మాయి, అల్లుడు చికాగోలో ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు డెన్వర్ దాకా రైల్లో తీసుకెళ్లమని నేనే అడిగాను. అప్పట్నుంచి ఆ పెట్టెల గురించి, ఆ లైన్ల గురించి చదువుతూనే ఉన్నాను. మా షాపు మిత్రులకూ, రైలంటే ఇష్టమున్నవాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అక్కడ దూరప్రయాణపు రైళ్లు నడిపేది ఆమ్‌ట్రాక్ అనే సర్కారు సంస్థ. 1971 మే 1న మొదలైంది. అంతకుముందు ప్రైవేటు కంపెనీలే ప్యాసింజర్ బళ్లు నడిపేవి. నష్టాలు భరించలేక చాలా కంపెనీలు వాటిని ఆమ్‌ట్రాక్‌కు అప్పజెప్పి చేతులు దులుపుకున్నాయి. పట్టాలు మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. చికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న ఎమరీవిల్ దాకా 3,900 కిలోమీటర్ల పైన నడిచే మేమెక్కిన కాలిఫోర్నియా జెఫిర్ రైలునే తీసుకోండి. దాని దారి దాదాపు మొత్తం బీఎన్ఎస్ఎఫ్, యూనియన్ పసిఫిక్ అనే రెండు గూడ్స్ కంపెనీలదే.

చికాగో నుంచి పడమటికి పోయే ఆ రైళ్లకు ఉండేవి సూపర్‌లైనర్ అనే రెండంతస్తుల పెట్టెలు. కింది అంతస్తులో మరుగుదొడ్లు, సామాన్ల అరలు ఉంటాయి. ఇరుకు మెట్లు మలుపు తిరిగి పైకి పోతే సీట్లు. మా అల్లుడు కాఫీ తేవడానికి వెళ్లగానే నేను కిందికి దిగి మరుగుదొడ్ల దగ్గర గోడ మొదట్లో వేలుపెట్టి చూశాను. మన ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ పాత రకం) పెట్టెకు తుప్పు మొదట పట్టేది అక్కడా, తలుపుల దగ్గరా. నీళ్లు నిలిచేది ఆ చోట్లే. పీఓహెచ్‌కి, అంటే గడువు ప్రకారం చేసే పూర్తి మరమ్మతుకి, వచ్చిన పెట్టె కిందికి దూరి సుత్తితో తట్టుకుంటూ పోయేవాళ్లం. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు బొదబొదమంటుంది. ఆ చప్పుడు వచ్చిన చోట సుద్దతో గీసి వెల్డర్‌కి చూపించేవాళ్లం. ఒక్కో పెట్టెకు ఎన్ని గీతలు పడితే షాపులో అన్ని రోజులు ఎక్కువ ఉండేది.

ఈ పెట్టె స్టెయిన్‌లెస్ స్టీలు. నేను చూసినంత మేర రేకు ఎక్కడా పొంగలేదు. చేసిన చేతులకు దండం పెట్టాలనిపించింది. సూపర్‌లైనర్లలో మొదటి విడత 1970ల చివరి నుంచి 1981 దాకా పుల్‌మన్ స్టాండర్డ్ కంపెనీ కట్టింది. రెండో విడత 1990లలో బొంబార్డియర్ కట్టింది. మన దగ్గర ఐసీఎఫ్ పెట్టెకు 25 ఏళ్లు, కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెకు 35 ఏళ్లు ఆయుష్షు లెక్కకడతారు. మొదటి విడత పెట్టెలు ఆ రెండు లెక్కలూ ఎప్పుడో దాటేశాయి. బాడీ గట్టిగా ఉంటే సరిపోదు. లోపల ఏసీ, వైరింగు, నీళ్ల పైపులు, తలుపుల యంత్రం అన్నీ అరిగేవే. పైగా పుల్‌మన్ చివరగా కట్టిన ప్రయాణికుల పెట్టెలు ఇవే. స్పేరు పార్టు కోసం తయారుచేసినవాడి దగ్గరికి పోదామంటే వాడు ఆ పని ఎప్పుడో మానేశాడు.

దారిలో పక్క లైన్లో కంటైనర్ మీద కంటైనర్ పెట్టుకుని ఒక గూడ్సు పోయింది. మా అల్లుడు వ్యాగన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. "ఇంత పొడుగు బండి లూప్ లైన్లో పడుతుందా మామయ్యా?" అని అడిగాడు.

"పట్టకపోతే చిన్న బండే పక్కకు పోవాలి నాయనా" అన్నాను.

ఆలస్యాల గుట్టంతా అక్కడే ఉంది. పడమటి వైపు చాలా దూరం సింగిల్ లైనే. ఎదురు బండికి దారివ్వడానికి పక్కన వేసే పట్టాయే లూపు. ఎదురొచ్చే గూడ్సు మూడు కిలోమీటర్లు ఉండి, లూపు అంతకంటే చిన్నదైతే, చట్టం ఏం చెప్పినా ప్రయాణికుల బండే లూపులోకి పోయి నిలబడాలి. ప్యాసింజర్ రైలుకే ముందు దారి ఇవ్వాలని 1973లోనే చట్టం చేశారు. కానీ సిగ్నల్ ఇచ్చే డిస్పాచర్ గూడ్స్ కంపెనీ మనిషి. ఆ కంపెనీ మాట తప్పినా కోర్టుకు పోయే హక్కు ఆమ్‌ట్రాక్‌కు లేదు, అమెరికా న్యాయశాఖే పోవాలి. 1979లో సదరన్ పసిఫిక్ అనే రైలు కంపెనీ మీద ఒక కేసు వేశారు. మళ్లీ 2024 జులైలో గానీ, క్రెసెంట్ అనే ఆమ్‌ట్రాక్ రైలు ఆలస్యాల మీద నార్‌ఫోక్ సదరన్ అనే గూడ్స్ కంపెనీని కోర్టుకు లాగలేదు. 45 ఏళ్లలో రెండే రెండు కేసులు! నాకు కడుపు మండేది ఇక్కడే. ఊరికి రోజుకు ఒకటే రైలు, అదీ అర్ధరాత్రి వచ్చే చోట ముసలివాళ్లు స్టేషన్లో కూర్చుని ఉంటారు. వాళ్ల తరఫున అడిగేవాడు ఉండొద్దా?

పాత పెట్టె, పరాయి పట్టా ఒకదాన్నొకటి ఎలా చెడగొడతాయో బండ్లు బాగుచేసినవాడికి ఇట్టే అర్థమవుతుంది. రేక్ (బండి పెట్టెల వరస) వచ్చాక, కింద గొయ్యి ఉండే పిట్ లైన్ మీద పెట్టి చూడ్డానికి ఐదారు గంటలు కావాలి. బండి ఆలస్యంగా వస్తే ఆ గంటలు కరిగిపోతాయి. బ్రేకు, చక్రం ఎలాగూ చూస్తారు. ఏసీ, తలుపు లాంటివి రేపటికి పోతాయి. రేపు దారిలో మొరాయించేది అదే. బండి అరగంట ఆగితే దానికిచ్చిన పాత్, అంటే లైను మీద దాని వంతు సమయం, పోతుంది, ఇక ఎదురొచ్చే ప్రతి గూడ్సుకూ ఆగాల్సిందే. పక్కన పెట్టుకోవడానికి స్పేరు పెట్టెలు నిండుగా ఉంటే ఈ చుట్టు ఎక్కడో ఒకచోట తెగుతుంది. అవే కరువు. దూరప్రయాణపు రైళ్లకు కొత్త పెట్టెల కోసం 2023 చివర్లో టెండరు పిలిచారు, చేతికి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

మన దగ్గర పట్టా, బండి, సిగ్నల్ అన్నీ ఒకే సంస్థవి కాబట్టి ఈ పేచీ లేదు. కృష్ణపట్నం పోర్టు గూడ్సులు గూడూరు, రేణిగుంట చుట్టి రాకుండా ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను వేసి, ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి 2019లో తెరిచారు. మన తిరుపతి బళ్లకు దారి తెరిపిన పడేది అలాంటి పనులతోనే. అయితే 2021లో మూడు గూడ్సులు కలిపి 177 వ్యాగన్లతో 'త్రిశూల్' నడిపినప్పుడు నా మొదటి ఆలోచన లూపుల మీదికే పోయింది. మన లూపులు సుమారు 700 మీటర్లు. బండి పెంచేవాళ్లు ముందు లూపు పెంచాలి.

అక్కడ పిల్లలున్నవాళ్లు ఒక్కసారైనా ఆ రైలెక్కండి. పై అంతస్తులో సీటు అడగండి. దిగిన రోజే విమానం టికెట్ మాత్రం పెట్టుకోకండి, మర్నాటికి పెట్టుకోండి.