సంత రోజు జరిగిందన్న గ్రామసభ

మాది విశాఖ ఏజెన్సీలో చిన్న ఊరు. ఊరెనక కొండలో కాల్సైట్ ఉంది, తెల్లటి రాయి, కొడితే పలకలు పలకలుగా విడిపోతుంది, చిన్నప్పుడు దాంతోనే ఆడుకునేవాళ్ళం. ఆ కొండని గని తవ్వడానికి లీజుకి ఇచ్చేశారన్న సంగతి గెడ్డ (వాగు) పక్కన సున్నం పూసిన హద్దురాళ్ళు పాతేదాకా మాకు తెలీదు.

మండలాఫీసులో అడిగితే ఫైలు మైన్స్ వాళ్ళ దగ్గరుందన్నారు, అక్కడికెళ్తే రెవెన్యూ వాళ్ళు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఇచ్చాకే మేమిచ్చాం అన్నారు. రెండు నెలలు అలా తిరిగి తిరిగి చివరికి సమాచార హక్కు కింద ఆర్టీఐ దరఖాస్తు పెట్టాను, తెల్లకార్డు జిరాక్స్ జత చేస్తే ఫీజు కట్టక్కర్లేదు. 30 రోజులు దాటినా జవాబు లేదు, ఫస్ట్ అప్పీల్ వేశాక కాగితాలొచ్చాయి. లీజు ఇచ్చిన గ్రాంట్ ఆర్డర్, స్కెచ్, తహశీల్దార్ ఎన్ఓసీ, గ్రామసభ తీర్మానం, ఈ నాలుగూ అడిగాను. మీరెవరైనా వేస్తే ఆ నాలుగోది మాత్రం మర్చిపోకండి.

తీర్మానంలో మా అమ్మ పేరుకి ఎదురుగా వేలిముద్ర ఉంది. అమ్మ డ్వాక్రా పుస్తకంలో ఎప్పుడూ సంతకమే పెడుతుంది, వంకరగానైనా సంతకమే. ఆ పేజీ చూపిస్తే చాలాసేపు చూసి, "ఇది నాది కాదురా, ఆరోజు మనం సంతలో ఉన్నాం కదా" అంది. తేదీ చూస్తే నిజంగానే సంత రోజు. ఆరోజు పసుపు, రాజ్‌మా అమ్ముకోడానికి తెల్లారకుండానే అందరం కిందకి దిగిపోతాం, ఊళ్ళో ముసలాళ్ళు, పసిపిల్లలే మిగుల్తారు. నాకు ఏడుపొచ్చింది.

లీజు ఓ గిరిజన సొసైటీ పేరు మీద ఉంది. గిరిజనుల భూములు కాపాడే 1/70 చట్టం వల్ల మాలాంటి షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదు, ప్రభుత్వ భూమైనా సరే లీజు చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది మా అనంతగిరి, బొర్రా వైపు గనుల మీద వచ్చిన తీర్పే. కానీ ఈ సొసైటీలో మా ఊరివాళ్ళు ఒక్కరూ లేరు, మిషన్లకి డబ్బు పెట్టేదేమో మైదానం వాళ్ళు.

లాయరు గారు ముందే చెప్పారు, లీజుని మళ్ళీ పరిశీలించమని ప్రభుత్వానికి రివిజన్ వేసుకునే దారి ఉండగా డైరెక్టుగా హైకోర్టులో రిట్ వేస్తే కోర్టు వెనక్కి పంపొచ్చమ్మా, కానీ గ్రామసభే జరగలేదంటున్నాం కాబట్టి ప్రయత్నిద్దాం అని. వేశాం, కేసు తేలేదాకా ఉన్నదున్నట్టే ఉంచాలని స్టేటస్ కో వచ్చింది. అవతలివాళ్ళు తమ లీజు అప్లికేషన్ పాతది, అప్పటికి కాల్సైట్ మేజర్ మినరల్ (పెద్ద ఖనిజాల జాబితాలోది), గ్రామసభతో పనిలేదు అని వాదించారు. షెడ్యూల్డ్ ఏరియాల్లో గ్రామసభకి అధికారాలిచ్చే పెసా చట్టంలో సభ సిఫార్సు అడిగేది మైనర్ మినరల్స్‌కి, కాల్సైట్‌ని మైనర్ చేసింది 2015 ఫిబ్రవరి 10న, మా కొండ లీజు గ్రాంట్ అయింది ఆ తర్వాత. మా లాయరు ఈ తేదీ పట్టుకునే నిలబడ్డారు. అమ్మ డ్వాక్రా పుస్తకం కాపీ కూడా పెట్టాం.

పద్నాలుగు నెలలకి కోర్టులో గ్రాంట్ రద్దయింది, ముందుగా నోటీసిచ్చి గ్రామసభ మళ్ళీ పెట్టమన్నారు. ఈసారి సంత లేని రోజే పెట్టారు, చింతచెట్టు కింద, ఫోన్లో వీడియో తీస్తూ. వద్దని చేతులెత్తాక రిజిస్టరు అమ్మ దాకా వచ్చింది, పక్కనే ఇంకు ప్యాడ్ పెట్టారు. అమ్మ దాన్ని పక్కకి జరిపి పెన్ను అడిగింది.