కోళ్ల గూటికి ఏ జాలీ?

అంగట్లో కోళ్ల జాలీ అని అమ్మే ఆరుకోణాల వల కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కని బయట ఆపదు, పళ్లతో పీకితే చీలిపోద్ది. దుడ్లు ఎక్కువైనా అర అంగుళం గళ్ల వెల్డ్ మెష్ (ఇనప తీగల్ని అడ్డంగా నిలువుగా అతికించిన జాలీ) కొనండి. ఉత్త మేకులు కొడితే ఊడొస్తుంది, వాషర్ వేసి స్క్రూ బిగించాలి. అడుగున భూమిలోకి ఒక అడుగు దించాలి. ఉదయగిరి వైపు రాతినేలలో గడ్డపార దిగకపోతే బయటివైపు రెండడుగులు పరిచి రాళ్లు పేర్చండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే గీకుతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. గాలాడాలని చూరు కింద వదిలే సందులోంచే బావురుపిల్లి దిగేది, అక్కడా మెష్ కొట్టండి. ముంగిసది పట్టపగలు యవ్వారం, కాబట్టి కోడిపిల్లలు గంప కిందే. గుడ్లు సాయంత్రానికి తీసేయండి, పాము వాటికోసం కూడా వస్తుంది.