పరంగిమలై రాయి, మెరీనా అల

చెన్నై వెళ్తున్నానంటే టీ నగర్‌లో చీరలు కొనుక్కు రమ్మంటారు ఎవరైనా. నేను ఈసారి రాళ్ళు చూడ్డానికి వెళ్ళాను. నంద్యాల నుంచి రాత్రి బస్సులో దిగి, పెరంబూరులో పెదనాన్న వాళ్ళింట్లో స్నానం, ఇడ్లీ కానిచ్చి, నేరుగా సెయింట్ థామస్ మౌంట్‌కి బయల్దేరాను. అక్కడి వాళ్ళకి అది పరంగిమలై. ఎత్తు 300 అడుగులే. 1523లో పోర్చుగీసు వాళ్ళు కట్టిన చర్చి పైన ఉంది. మెట్లెక్కే భక్తుల చూపు చర్చి మీద ఉంటే, నా చూపు మెట్ల పక్కన బయటపడ్డ బండల మీదే.

ఎండా వానా తగిలిన చోట గోధుమరంగు తిరిగి, మామూలు బండలాగే కనిపిస్తుంది. ఈమధ్యే పెచ్చు లేచిన చోటు చూస్తే మాత్రం తెలుస్తుంది. ముదురు బూడిద రంగులో, నూనె చెయ్యి తుడిచినట్టు నిగనిగ. దగ్గరకి వంగి చూస్తే లోపల నీలి ఛాయలో స్ఫటిక కణాలు. ఇది చార్నకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి మీద పరిచింది ఈ జాతి రాయే. 1893లో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ ఆ సమాధి రాయిని పరిశీలించి రాసినప్పటి నుంచి దీనికా పేరు. భూమి లోతుల్లో విపరీతమైన వేడిలో, దాదాపు తేమ లేని చోట తయారైన రాయి ఇది. వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. నేను చాలాసేపు దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. ఇలాంటి రాళ్ళే తూర్పు అంటార్కిటికాలోనూ ఉన్నాయి. ఒకప్పుడు రెండూ గోండ్వానా అనే ఒకే నేల. అది విడిపోయాక మన పలక, అంటే భూమి పైపెంకులో మనం ఉన్న పెద్ద ముక్క, ఉత్తరంగా కదులుతూ వచ్చి ఆసియాని గుద్దుకుంది. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతూనే ఉంది. ఆ కొండ మీద నిలబడ్డ చర్చి, కింద విమానాశ్రయం, మొత్తం చెన్నై నగరం అన్నీ ఆ ప్రయాణంలోనే ఉన్నాయి.

కొండ మీద బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్ విగ్రహం కూడా ఉంది. 1802 ఏప్రిల్ 10న ఆయన దేశాన్ని కొలవడం మొదలుపెట్టింది ఇక్కడి నుంచే. దాని గురించి ఎంతైనా రాయొచ్చు కానీ నా మనసు సముద్రం మీద ఉంది.

చెన్నై ఉన్నది పలక మధ్యలో. పెద్ద భూకంపాలూ అగ్నిపర్వతాలూ ఎక్కువగా పలకల అంచుల్లో పుడతాయి. మనకి ఒక అంచు హిమాలయాల దగ్గర. ఇంకో అంచు బంగాళాఖాతానికి అవతల, అండమాన్ నుంచి సుమత్రా పొడవునా. మధ్యలో ఉన్నాం కదా, ఏమీ కాదు అనుకోవడానికి లేదు. 2001 సెప్టెంబర్ 25న పాండిచ్చేరి దగ్గర సముద్రంలో 5.5 తీవ్రతతో కంపించింది. 1993లో లాతూరు కూలింది కూడా అంచున కాదు.

సాయంత్రం పెదనాన్న మెరీనాకి తీసుకెళ్ళారు. 2004లో వాళ్ళు ట్రిప్లికేన్‌లో ఉండేవారు. ఇసుకలో నడుస్తూ చెప్పారు.

“డిసెంబర్ 26, ఆదివారం. పొద్దున్న ఆరున్నరకి మంచం ఊగింది. మీ పెద్దమ్మ నేనే కదిపాననుకుని కసిరింది. టీవీ పెడితే భూకంపం అన్నారు. ఎక్కడో సుమత్రాలో కదా అని టిఫిన్ చేసి బీచికి బయల్దేరా. రోడ్డు దాటకముందే జనం ఎదురు పరిగెత్తుకొస్తున్నారు. వెనక నీళ్ళు.”

“ముందు సముద్రం వెనక్కి తగ్గిందా పెదనాన్నా?”

“లేదమ్మా. నేను చూసింది నీళ్ళు రావడమే.”

ఆయన మాట విన్నాక నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే శాస్త్రం చెప్పేదీ అదే. సుమత్రా దగ్గర మన పలక పక్క పలక కిందికి దూరుతోంది. రెండూ ఒరుసుకుని బిగుసుకుపోయి, పై పలక అంచు వందల ఏళ్ళుగా కిందికి లాగబడుతూ ఉంది. ఆ ఉదయం 6:28కి పట్టు తప్పి 1,200 కిలోమీటర్లకు పైగా చీలిపోయింది. తీవ్రత 9.1. విడిపించుకున్న అంచు పైకి లేచింది, దాని వెనక నేల కుంగింది. లేచిన వైపు మనది, పడమర. అందుకని మన తీరానికి మొదట వచ్చింది ఎత్తైన అల. కుంగిన వైపున్న థాయ్‌లాండ్‌లో ముందు సముద్రం వెనక్కి పోయింది. సముద్రం తగ్గితే పరిగెత్తాలి అని అందరం చదువుకున్నాం. అది నిజమే, కానీ మన తూర్పు తీరంలో ఆ సూచన కోసం ఎదురుచూస్తే అల వచ్చేసి ఉంటుంది. ఇది ప్రతి మత్స్యకార కుటుంబానికీ, బీచికి వెళ్ళే ప్రతి ఒక్కరికీ తెలియాలి.

2,000 కిలోమీటర్ల దూరం దాటి రావడానికి ఆ అలకి పట్టింది రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల్లో ఎంతోమందిని తప్పించగలిగేవాళ్ళం. చెప్పే వ్యవస్థ అప్పటికి హిందూ మహాసముద్రంలో లేదు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6,000 మందికి పైగా పోయారు. 2007 నుంచి హైదరాబాద్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్ రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉంటోంది.

“2012లో కూడా ఊగింది, గుర్తుందా?” అన్నారు పెదనాన్న. ఏప్రిల్ 11 మధ్యాహ్నం, 8.6 తీవ్రత. చెన్నై ఆఫీసులన్నీ రోడ్డు మీదే. ఎంత టెన్షన్ పడ్డారో! కానీ అల పెద్దగా రాలేదు. ఈసారి విరిగింది అంచు కాదు, పలక లోపలి భాగం. రెండు పక్కలూ అడ్డంగా జారాయి తప్ప సముద్రపు అడుగు పైకి లేవలేదు. నీళ్ళు లేస్తాయా లేదా తేల్చేది నేల ఎటు కదిలిందన్నదే.

సుండల్ తింటూ మెట్ల మీద కూర్చుని, అగ్నిపర్వతాల సంగతి నేను చెప్పాను. కిందికి దూరిన పలక తనతో నీటిని కూడా మోసుకుపోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతున ఆ నీరు బయటికొచ్చి, పైనున్న వేడి రాయిని తక్కువ వేడికే కరిగేలా చేస్తుంది. అలా కరిగింది పైకి తన్నుకొస్తే అగ్నిపర్వతం. అందుకే అవి సముద్రపు అగాధం పక్కనే ఉండవు, దానికి తూర్పుగా వరసకట్టి ఉంటాయి. మన బారెన్ దీవి ఆ వరసలోదే. దేశంలో సజీవంగా ఉన్న ఒకే ఒక్క అగ్నిపర్వతం, పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) 140 కిలోమీటర్ల లోపు. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది.

ఆ వరసలోనే సుమత్రాలో టోబా ఉంది. 74,000 ఏళ్ళ కిందట అది పేలి మిగిల్చిన గొయ్యిలో ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవు సరస్సు. దాని బూడిద సముద్రం దాటి మా జిల్లా జ్వాలాపురం దాకా వచ్చి పడింది. పొర మనిషి ఎత్తుకి మించిన చోట్లున్నాయి. ఆ పొరకి కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. అంటే అంత ఉపద్రవం తర్వాత కూడా అక్కడ మనుషులు మసలారు.

“మన నంద్యాల దగ్గరా?” అని పెదనాన్న ఆశ్చర్యపోయారు. సంక్రాంతికి వస్తానన్నారు. రమ్మన్నాను, కానీ తొందరగా రమ్మన్నాను. ఆ బూడిదని చాలా చోట్ల తవ్వి అమ్మేశారు. మిగిలిన పొరకి కంచె వెయ్యాలని అడిగే గొంతులు మా వైపు ఇంకా కావాలి.