సీసా వెనక వైపు చదివే పిల్లలు

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు పర్యావరణం గురించి మాట్లాడితే పెద్దవాళ్లు ముచ్చటపడి వింటారు, భుజం తట్టి మెచ్చుకుంటారు, ఆ వెంటనే తమ పనుల్లో తాము పడిపోతారు. ఒక మొక్క నాటించి, ఒక ఫొటో తీయించి ఆ ఉత్సాహాన్ని అక్కడితో సాగనంపడం చాలా బడులకు అలవాటే. అయితే షాంపూ, సబ్బు, క్రీము, గోళ్ల రంగు, లిప్‌స్టిక్ వంటి నిత్యం వాడే వస్తువుల విషయంలో గత ఇరవయ్యేళ్లుగా కౌమార వయస్కులు చేసిన పని ముచ్చటతో సరిపెట్టదగినది కాదని నా అభిప్రాయం. వాళ్లు సీసా వెనక సన్నని అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితాను చదివారు, ఆ జాబితాలో చెప్పకుండా వదిలేసినదేమిటని అడిగారు, చట్టసభ దాకా వెళ్లారు, ఒక చోటనైతే ఏకంగా శాస్త్ర పరిశోధనలోనే భాగస్వాములయ్యారు.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మరీన్ కౌంటీలో రొమ్ము క్యాన్సర్ కేసులు ఎక్కువగా నమోదవుతున్నాయన్న ఆందోళన 1990ల నుంచీ ఉంది. ఆ ఆందోళనలోంచి పుట్టిన స్థానిక ఉద్యమంలో పనిచేస్తున్న జూడీ షిల్స్, ఆమె కూతురు ఎరిన్ ష్రోడ్ మరికొందరు హైస్కూలు విద్యార్థినులతో కలిసి 2005లో ‘టీన్స్ ఫర్ సేఫ్ కాస్మెటిక్స్’ అనే బృందాన్ని మొదలుపెట్టారు. ముఖానికీ జుట్టుకూ రాసుకునేవాటిలో ఏముందో తెలుసుకోవాలన్నది వాళ్ల మొదటి కోరిక. అదే బృందం తర్వాత ‘టీన్స్ టర్నింగ్ గ్రీన్’గా మారి తిండి, బట్టలు, విద్యార్థుల వసతి గదుల వరకూ తన పనిని విస్తరించింది. విస్తరించినవన్నీ మంచివే అయినా, నాకు ఆసక్తి కలిగించేది ఆ తొలి రోజుల్లో వాళ్లు వేసిన సూటి ప్రశ్న.

ఆ ప్రశ్న ఎంత అవసరమైనదో అర్థం కావాలంటే అప్పటి చట్టం ఎలా ఉండేదో చూడాలి. అమెరికాలో సౌందర్య సాధనాలకు వర్తించే కేంద్ర చట్టం 1938 నాటిది. దాని ప్రకారం రంగుల విషయంలో తప్ప, మిగతా పదార్థాలకు అమ్మకానికి ముందు ప్రభుత్వ అనుమతి అక్కరలేదు. వస్తువు సురక్షితమా కాదా చూసుకోవలసింది తయారీదారే. ఒక వస్తువు హాని చేస్తోందని తేలినా దాన్ని బజారు నుంచి తప్పనిసరిగా వెనక్కి రప్పించే అధికారం నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏకు 2022 డిసెంబరులో కొత్త చట్టం వచ్చేదాకా లేదు. దీనికి తోడు, పరిమళం అనే ఒక్క మాట కింద పదుల కొద్దీ రసాయనాలను వ్యాపార రహస్యం పేరుతో దాచుకునే వీలు కూడా ఉండేది. మరోవైపు ఐరోపా సమాఖ్య వెయ్యికి పైగా పదార్థాలను సౌందర్య సాధనాల్లో నిషేధించింది. గోళ్ల రంగు పెచ్చులుగా ఊడిపోకుండా కలిపే డైబ్యుటైల్ థాలేట్ అలా నిషేధానికి గురైనవాటిలో ఒకటి. ఒక ఖండం వాళ్ల కోసం తీసేయగలిగినదాన్ని ఇంకో ఖండం వాళ్ల కోసం ఎందుకు తీసేయలేరు అన్న వాదనకు జవాబు చెప్పడం ఏ కంపెనీకైనా కష్టమే. పదిహేనేళ్ల పిల్ల అడిగితే మరీ కష్టం.

2005 అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ రాష్ట్ర సురక్షిత సౌందర్య సాధనాల చట్టంపై సంతకం చేశారు. దానికి మద్దతు కూడగట్టినవాళ్లలో ఈ అమ్మాయిలూ ఉన్నారు. ఆ చట్టం ఏ రసాయనాన్నీ నిషేధించలేదన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. క్యాన్సర్‌కు గానీ, పునరుత్పత్తి లోపాలకు గానీ కారణమని గుర్తించిన పదార్థాలు తమ వస్తువుల్లో ఉంటే తయారీదారులు రాష్ట్ర ఆరోగ్య శాఖకు తెలియజేయాలన్నది మాత్రమే అందులోని నియమం. తెలియజేయడం వల్ల ఏమవుతుందని కొట్టిపారేయవచ్చు గానీ, దాచుకోలేని పరిస్థితి వచ్చినప్పుడు చాలా సంస్థలు ఆ పదార్థాన్ని తీసేయడమే సులువనుకుంటాయి. అదే రాష్ట్రం 2020లో 24 పదార్థాలను నేరుగా నిషేధించింది. ఫార్మాల్డిహైడ్, పాదరసం, కొన్ని థాలేట్లు, వస్తువు చెడిపోకుండా కలిపే పారాబెన్లలో కొన్ని అందులో ఉన్నాయి. ఆ నిషేధం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పరిమళం చాటున దాగిన హానికర పదార్థాలను కూడా ప్రభుత్వానికి వెల్లడించాలనే మరో చట్టం కూడా 2020లోనే వచ్చింది. మొదటి చట్టానికీ నిషేధం అమలుకూ మధ్య దాదాపు ఇరవయ్యేళ్లు గడిచాయి. తొలినాడు సంతకాలు సేకరించిన అమ్మాయిలు ఈపాటికి ముప్పై దాటి ఉంటారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన భాగానికి వస్తాను. 2008లో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 14 నుంచి 19 ఏళ్ల మధ్య వయసున్న 20 మంది అమ్మాయిల రక్తాన్నీ మూత్రాన్నీ పరీక్షించి, సౌందర్య సాధనాల్లో వాడే 16 రసాయనాల జాడలను కనిపెట్టింది. మిథైల్ పారాబెన్, ప్రొపైల్ పారాబెన్ 20 మందిలోనూ ఉన్నాయి. ఇది కలవరపెట్టే సమాచారమే అయినా, ఆ జాడలు నిజంగా ఈ వస్తువుల నుంచే వచ్చాయా, వాడటం మానేస్తే తగ్గుతాయా అన్నది దీనివల్ల తేలదు. ఆ సంగతి తేల్చడానికి పూనుకున్నవాళ్లు కాలిఫోర్నియాలోనే ఉన్న సాలినాస్ లోయలోని పిల్లలు. అది పంట పొలాల ప్రాంతం. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అక్కడి వ్యవసాయ కూలీల కుటుంబాల ఆరోగ్యాన్ని చాలా ఏళ్లుగా అధ్యయనం చేస్తోంది. ‘చమాకోస్’ అనే ఆ అధ్యయనానికి అనుబంధంగా ఉన్న యువజన మండలిలోని కౌమార వయస్కులు, శాస్త్రవేత్తలతో కలిసి ‘హెర్మోసా’ అనే పరిశోధనను రూపొందించడంలోనూ నడపడంలోనూ పాల్గొన్నారు.

వాళ్లు చేసినది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. లాటిన్ అమెరికన్ మూలాలున్న 100 మంది అమ్మాయిలను ఎంచుకుని, వాళ్ల మూత్ర నమూనాలు తీసుకున్నారు. తర్వాత వాళ్లు రోజూ వాడే షాంపూ, సబ్బు, లోషను, మేకప్ సామగ్రి పక్కన పెట్టించి, పారాబెన్లు, థాలేట్లు, సూక్ష్మజీవులను చంపే ట్రైక్లోసాన్, ఎండ కిరణాలను అడ్డుకునే ఆక్సీబెంజోన్ లేవని లేబుల్ మీద ఉన్నవాటిని ఇచ్చారు. మూడు రోజుల తర్వాత మళ్లీ నమూనాలు తీసుకున్నారు. మూడు రోజులు చాలడానికి కారణం ఉంది: ఈ రసాయనాలు శరీరంలో ఏళ్ల తరబడి పేరుకుపోయే రకం కావు, కొద్ది గంటల్లోనే చాలామటుకు బయటికి పోతాయి. అయినా నిత్యం కనిపిస్తున్నాయంటే మనం నిత్యం నింపుతున్నామని అర్థం. 2016లో ‘ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ పర్‌స్పెక్టివ్స్’ పత్రికలో అచ్చయిన ఫలితాల ప్రకారం మిథైల్, ప్రొపైల్ పారాబెన్లు సుమారు 44, 45 శాతం చొప్పున తగ్గాయి. ట్రైక్లోసాన్, ఆక్సీబెంజోన్ రెండూ దాదాపు 36 శాతం తగ్గాయి. పరిమళాల్లో వాడే డైఇథైల్ థాలేట్ జాడ 27 శాతం తగ్గింది.

ముఖ్యమైన ఫలితాలు ఇవి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆ ఫలితాల్లోనే ఉన్న తిరకాసు. అంతగా వాడుకలో లేని ఇథైల్, బ్యుటైల్ పారాబెన్లు తగ్గకపోగా పెరిగాయి. లేబుల్ మీద లేకుండా ఎక్కడో పొరపాటున కలిసి ఉండవచ్చుననీ, తీసేసినవాటికి బదులుగా వాడి ఉండవచ్చుననీ పరిశోధకులు ఊహించారు. పరిమాణం స్వల్పమే కావచ్చు, మొత్తం మీద తగ్గుదలే ఎక్కువ కావచ్చు. అయినా దాన్ని దాచకుండా చెప్పారు. ప్లాస్టిక్కులతో ముడిపడి ఉన్న మరికొన్ని థాలేట్ల జాడలు పెద్దగా మారలేదని కూడా చెప్పారు, ఎందుకంటే అవి తిండి ద్వారా, ప్యాకింగుల ద్వారా కూడా చేరుతుంటాయి. ప్రచారానికి అనుకూలించని ఫలితాన్ని ప్రచారకర్తలే చేతుల్లో పట్టుకుని చూపించడం పెద్దల ఉద్యమాల్లోనూ అరుదే.

ఇలా అంటున్నానని ఈ ఉద్యమాల్లో వినిపించే ప్రతి మాటనూ నేను ఒప్పుకుంటున్నట్లు కాదు. రసాయనం అనగానే విషం అన్నట్లు మాట్లాడటం, సహజం అన్న అక్షరాలు కనిపించగానే నిశ్చింతగా ఉండటం రెండూ తప్పుదారి పట్టించేవే. పారాబెన్లు స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను అందుకునే కణ గ్రాహకాలకు బలహీనంగా అతుక్కోగలవని ప్రయోగశాలల్లో తేలింది. కొన్ని థాలేట్లు పురుష హార్మోన్ తయారీకి అడ్డుపడతాయని జంతువులపై చేసిన ప్రయోగాల్లో తేలింది. యుక్తవయసులో హార్మోన్లు శరీరాన్ని తీర్చిదిద్దుతున్న దశలో జాగ్రత్త పడటానికి ఇవి చాలు. కానీ మూత్రంలో కనిపించడం వేరు, జబ్బు చేయడం వేరు, ఈ రెంటి మధ్యా ఎంత మోతాదు, ఎంత కాలం అన్న లెక్కలు ఉంటాయి. ఐరోపా సమాఖ్య కూడా పారాబెన్లన్నిటినీ ఒకే గాటన కట్టలేదు: ఐదు రకాలను 2014లో నిషేధించి, ప్రొపైల్, బ్యుటైల్ రకాలకు పరిమితిని బాగా తగ్గించి, మిథైల్, ఇథైల్ రకాలను పాత పరిమితిలోనే ఉండనిచ్చింది.

పైగా నీళ్లు కలిసిన ఏ క్రీములోనైనా బాక్టీరియా, బూజు పెరుగుతాయి. వాటిని ఆపడానికి ఏదో ఒకటి కలపక తప్పదు. పారాబెన్ల మీద భయం ముదిరిన తర్వాత చాలా సంస్థలు వాటిని తీసేసి మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే, చెడిపోకుండా నిల్వ ఉంచే పదార్థాన్ని వాడటం పెంచాయి. దానివల్ల చర్మపు అలర్జీలు ఎంతగా పెరిగాయంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దానిని 2013 సంవత్సరపు అలర్జీ కారకంగా ప్రకటించింది. పేరున్న భూతాన్ని వెళ్లగొట్టి పేరు తెలియని భూతాన్ని పిలిచినట్లయింది. మొక్కల నుంచి తీసిన సుగంధ తైలాలు కూడా గాలి తగిలి ఆక్సీకరణం చెందాక చర్మానికి పడకపోవచ్చు. ఏది తీసేశారని అడిగిన పిల్లలు దాని బదులు ఏది పెట్టారని కూడా అడగడం నేర్చుకోవాలి. సాలినాస్ పిల్లల ఫలితం చెప్పేది ఇదే.

ఈ వస్తువుల వల్ల నీటికి జరిగే హాని సంగతి కొంత తేలిక, ఎందుకంటే అక్కడ ఆధారాలు సూటిగా ఉన్నాయి. ముఖం రుద్దుకునే స్క్రబ్బుల్లోని సన్నని ప్లాస్టిక్ పూసలు మురుగునీటి శుద్ధిలో పూర్తిగా చిక్కకుండా జలాశయాలకు చేరుతున్నాయని తేలడంతో అమెరికా 2015లో చట్టం చేసి, కడిగేసుకునే సాధనాల్లో వాటిని నిషేధించింది. ట్రైక్లోసాన్ కలిపిన చేతి సబ్బులు మామూలు సబ్బు కన్నా మెరుగ్గా పనిచేస్తాయని తయారీదారులు చూపలేకపోవడంతో 2016లో ఎఫ్‌డీఏ దాన్ని అటువంటి సబ్బుల్లో వాడరాదని నిర్ణయించింది. పగడాలకు హాని చేస్తాయన్న ఆందోళనతో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపింది.

కౌమార వయస్కుల మీద ఇప్పుడు ఎదురుగాలి కూడా బలంగానే వీస్తోంది. పదేళ్ల పిల్లలకు కూడా సోషల్ మీడియాలో ముడతలు పోగొట్టే క్రీములు, రెటినాల్, ఆమ్లాల సీరమ్‌లు అంటగడుతున్నారు. స్వీడన్‌లోని ఒక పెద్ద ఔషధ దుకాణాల సంస్థ 2024లో ఇలాంటి ఘాటైన చర్మ సాధనాలను 15 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మకుండా పరిమితి పెట్టుకోవలసి వచ్చింది. ఇక్కడ నన్ను కలవరపెట్టేది, పర్యావరణహితం అన్న ముద్ర కూడా ఇదే అంగడిలో ఒక సరుకుగా మారడం. ఎనిమిది సీసాల స్థానంలో ఎనిమిది ఆకుపచ్చ సీసాలు చేరితే ప్లాస్టిక్ తగ్గదు, కంపెనీ ఆదాయమూ తగ్గదు. సీసాల సంఖ్యే తగ్గితే శరీరానికి సోకే రసాయనాలూ, మురుగులో కలిసేవీ, చెత్తలో పడేవీ ఒకేసారి తగ్గుతాయి. ఈ మాట చెప్పడానికి ప్రకటనదారు ఎవరూ డబ్బివ్వరు కాబట్టి పిల్లలే చెప్పుకోవాలి.

డబ్బు ప్రస్తావన వచ్చింది కనుక ఇంకొక్క మాట. సురక్షితమైనవిగా అమ్ముడయ్యే వస్తువులు తరచుగా ఖరీదైనవి. పొలం కూలీ కూతురికి పరిశోధకులు ఉచితంగా ఇచ్చిన షాంపూ అయిపోయాక తర్వాతి సీసా ఎవరు కొనిస్తారు? అందుకే లేబుల్ చదవడం నేర్పి ఊరుకునే కార్యక్రమాలు నాకు అసంపూర్ణంగా కనిపిస్తాయి. చట్టం ఒక పదార్థాన్ని తీసేయిస్తే, లేబుల్ చదవలేనివారికీ, కొనుక్కునే స్తోమత లేనివారికీ కూడా ఆ రక్షణ అందుతుంది.

ఇంట్లో ఈ వయసు పిల్లలున్నవారు నన్నేం చేయమంటారని అడిగితే, ఉన్నవన్నీ ఒకేసారి పారేయనివ్వవద్దనే చెబుతాను. అదీ చెత్తే అవుతుంది. కడిగేసుకునేవాటి కన్నా చర్మం మీద గంటల తరబడి ఉండిపోయేవాటినీ, ఘాటుగా పరిమళించేవాటినీ ముందు తగ్గించుకోవచ్చు. జుట్టును సాపు చేసే ద్రావణాల్లో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేస్తాయి కాబట్టి వాటి జోలికి పోకపోవడం మేలు. వాసన లేదని రాసినంత మాత్రాన సుగంధ పదార్థం కలపలేదని కాదు, ఇతర వాసనలను కప్పడానికి కలిపి ఉండవచ్చు. అనుమానం వస్తే పిల్లల చేతనే తయారీ సంస్థకు ఉత్తరం రాయించి, ఆ పరిమళంలో ఏమున్నాయో అడిగించండి. వచ్చిన జవాబునూ, రాకపోతే రాలేదన్న సంగతినీ తేదీలతో సహా తరగతి గదిలో అందరికీ కనిపించేలా అంటించమనండి.