గురువారం, ముసురు, ఫ్రేజల్ వెర్బ్స్

గురువారం. టోక్యోలో త్సుయు, అంటే ఇక్కడి వానాకాలం, మొదలైంది. పొద్దుటి నుంచీ ముసురే. ఆరేసిన బట్టలు మూడో రోజుకి కూడా ఆరని కాలం ఇది.

మధ్యాహ్నం ఎప్పటిలాగే బెంతో డబ్బా పట్టుకుని చిన్న మీటింగ్ రూమ్‌కి వెళ్లాను. గురువారం లంచ్ టైమ్‌లో మా టీమ్‌లోని జపాన్ వాళ్లకి ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్స్ చెప్పాలి, అంటే క్రియకి అప్, అవుట్, ఆఫ్ లాంటి చిన్న మాట తగిలి అర్థం మారిపోయేవి. ఈ పని నాకెవరూ అప్పగించలేదు. ఇండియా వాళ్లకి ఇంగ్లీషు పుట్టుకతోనే వస్తుందని వీళ్లకో నమ్మకం, అది నా మెడకి చుట్టుకుంది.

కొత్తగా చేరిన అమ్మాయి రింగుకి గుచ్చిన కార్డుల కట్ట తెచ్చింది. ఒక్క గెట్ మీదే బోలెడు: గెట్ బై, గెట్ ఓవర్, గెట్ అలాంగ్, గెట్ అవే విత్. పక్కన టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష పుస్తకం, దాని ఎర్ర ప్లాస్టిక్ షీటు. జవాబులు ఎర్ర సిరాతో అచ్చేసి ఉంటాయి. షీటు పెడితే మాయం, తీస్తే ప్రత్యక్షం. ఎంట్రన్స్ పరీక్షలకి ఇక్కడి పిల్లలు ఇలాగే బట్టీ కొడతారు. పరీక్షకి పనికొస్తుంది, కాదనను. కానీ ఫోన్లో అవతలి మనిషి షీటు తీసి చూపించడు కదా.

"మొత్తం ఎన్ని నేర్చుకుంటే సరిపోతుంది?" అని అడిగింది. 2015లో గార్నియే, ష్మిట్ అనే ఇద్దరు భాషా పరిశోధకులు బాగా వాడుకలో ఉన్నవి ఏరి 150తో ఒక పట్టిక వేశారని చెప్పాను. ఒక్కోదానికి సగటున రెండేసి అర్థాలు. నూట యాభై అనగానే అమ్మాయి మొహం విప్పారింది, వెంటనే రోజుకి ఎన్ని కార్డులో లెక్క వేసుకుంది.

మా కచో మాత్రం లెక్కలకి లొంగే రకం కాదు. సెక్షన్ పెద్దని ఇక్కడ కచో అంటారు, పేరుతో పనిలేదు. "అప్ అంటే పైకి. యూజ్ అప్ అన్నప్పుడు పైకి వెళ్లేది ఏమిటి?" అన్నాడు. నేను ఎదురు ప్రశ్న వేశాను. జపనీస్‌లో ఉన్నదంతా వాడేయడాన్ని త్సుకాయ్‌కిరు అంటారు. కిరు అంటే కోయడం. మరి అక్కడ కోసేది ఏమిటి? కచో చాప్‌స్టిక్స్ కింద పెట్టి నవ్వాడు. ఆ తర్వాత వాళ్లే అందుకున్నారు. దాసు అంటే బయటికి తీయడం. తోరిదాసు అంటే టేక్ అవుట్, సరే, నిజంగానే బయటికి తీస్తాం. మరి భోరుమనడానికి నకిదాసు అంటారు, ఇంగ్లీషు వాడు కూడా బర్స్ట్ అవుట్ క్రయింగ్ అంటాడు. రెండు చోట్లా ఏడుపు బయటికే వచ్చింది! నాకైతే ఇందులో వింతేమీ లేదు. మన దగ్గర నిద్రపోయినవాడు ఎక్కడికీ పోడు, చెప్పేసినవాడు దేన్నీ వేయడు.

నా అనుమానం ఏంటంటే, వీళ్లని ఇబ్బంది పెట్టేది కొత్త మాటలు కాదు, కటకనాలో, అంటే వీళ్లు విదేశీ మాటలు రాసుకునే లిపిలో, ఇప్పటికే కాపురం పెట్టేసినవి. లిస్ట్ అప్, వెర్షన్ అప్, కాస్ట్ డౌన్. ఇవి జపాన్‌లో పుట్టిన ఇంగ్లీషు, ఎంత ధీమాగా వాడతారంటే తప్పని చెప్పడానికి నాకే మొహమాటం. పిక్ అప్ అంటే వీళ్లకి ఎంపిక చేయడం. టెస్టింగ్‌కి మూడు స్క్రీన్లు "పిక్ అప్ చేశాం" అని రాస్తే చదివే విదేశీయుడికి అవి ఎక్కడ దొరికాయా అనిపిస్తుంది. పైగా అప్‌ని అప్పు అని పలుకుతారు. నెలాఖర్లో అది వినడం నాకు మరీ కష్టం.

మనమేం తక్కువ తినలేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్రాడి రెజ్యూమెలో ఏ సంవత్సరంలో పాస్డ్ అవుట్ అయ్యాడో ఉంది. కార్డుల అమ్మాయి చదివి, ఆ ఏడాది అతని ఆరోగ్యం బాగాలేదా అని కంగారుగా అడిగింది. ఆమె కార్డులో దానికి ఉన్న అర్థం స్పృహ తప్పడం మరి.

రెండింటికి సిడ్నీ క్లయింటుతో కాల్. ఆయన మాట ధార. రిలీజ్ గురించి పుటిటాఫ్ (పుట్ ఇట్ ఆఫ్, వాయిదా వేయడం) అన్నాడు, సార్టిటౌట్ (సార్ట్ ఇట్ అవుట్, చక్కదిద్దడం) అన్నాడు, కచో ప్రతి వాక్యానికీ హాయ్, హాయ్ అని తల ఊపాడు. జపనీస్ హాయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నామని. ఫోన్ పెట్టాక మెల్లగా అడిగాడు, "రిలీజ్ క్యాన్సిలా?" ఒఫు అంటే వీళ్లకి సెలవు, డిస్కౌంట్, స్విచ్ కట్టేయడం, ఆ లెక్కన పాపం అలాగే అనిపిస్తుంది. అదే పోస్ట్‌పోన్ అని ఉంటే ఠక్కున పట్టేసేవాడు. పెద్ద మాటలన్నీ వచ్చు, చిన్నవే దెబ్బ కొడతాయి. కాగితం మీద విడివిడిగా ఉండే మూడు మాటలు చెవిలో ఒకే ముద్దగా పడతాయి, ఒత్తేమో చివరి ఆఫ్ మీద. చెక్ ఇట్ అవుట్ జపాన్ పాటల్లోకి చెకెరా అయి చేరిందంటే చెవి దాన్ని సరిగ్గానే పట్టిందన్నమాట. వచ్చేవారం కార్డులు పక్కన పెట్టి వినిపించడమే చేయాలి.

సాయంత్రం కచో క్లయింటుకి రాసిన జవాబు నాకు చూపించాడు. అంతా బాగుంది, సార్ట్ అవుట్ ఇట్ దగ్గర తప్ప. ఇట్ మధ్యలోకి రావాలి అన్నాను. సార్ట్ అవుట్ ద ఇష్యూ సరైనదే కదా అన్నాడు. సరైనదే, సార్ట్ ద ఇష్యూ అవుట్ అన్నా సరే. కానీ ఇట్, దెమ్ లాంటివి మధ్యలోనే కూర్చోవాలి, వేరే చోటు లేదు. "క్రియని నరికి మధ్యలో ఇంకోటి పెట్టడమా!" అన్నాడు. తోరికేసు (రద్దు చేయడం) అనే క్రియని విరిచి నడుమ ఏదైనా దూర్చమంటే జపాన్‌లో ఎవరూ దూర్చలేరు, నిజమే. కాసేపు స్క్రీన్ వంక చూసి, ఆ మొత్తం చెరిపేసి రిజాల్వ్ అని కొట్టి పంపించేశాడు.